ఎయిర్ ఫిల్టర్ డబ్బాలోకి ఇంజన్ ఆయిల్: 150 సీసీ బండి పని డైరీ

బండి వచ్చిన స్థితి

గాలికి చల్లబడే సింగిల్ సిలిండరు, 149 సీసీ, కార్బురేటరు బండి. బీఎస్-6 కాలుష్య ప్రమాణాల కంటే ముందు తరం. తిరిగేదంతా హైదరాబాదు సిటీలోనే: దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, కోఠి, అబిడ్స్. సర్వీసింగ్ చేయించాక కొద్ది వారాల్లోనే ఎడమ సైడ్ ప్యానెల్ కింద నల్లటి జిడ్డు మొదలైంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగు నుంచి చుక్కలు పడుతున్నాయి. మైలేజీ తగ్గింది. ఇంజన్ వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఐడిల్ (థ్రాటిల్ తిప్పకుండా ఇంజన్ తిరగడం) నిలవట్లేదు. పొగ లేదు. చూసిన మెకానిక్ "బోరు పోయింది, పిస్టన్ సెట్టు వేయాలి" అన్నారట, అంటే సిలిండరు లోపలి గోడ అరిగిందని.

హెడ్డు విప్పే ముందు తేల్చాల్సినవి చాలా ఉన్నాయి, వాటిలో ఏదీ ఖర్చుతో కూడుకున్నది కాదు. డబ్బాలో ఆయిల్ కనబడితే ఫిల్టరు మార్చేసి ఊరుకోవడం, లేదంటే నేరుగా బోరు పనికి పోవడం, మన దగ్గర జరిగేవి ఈ రెండే. ఆయిల్ డబ్బాలోకి ఏ దారిన వస్తోందో, ఎంత వస్తోందో కొలిచాకే పానా పట్టాలన్నది ఈ పనికి పెట్టుకున్న నియమం.

అన్నిటికంటే ముందు వెనక టైరు చూశాం. డబ్బా నుంచి కారే ఆయిల్ స్వింగ్ ఆర్మ్ మీదుగా టైరు పక్క గోడకు చేరుతుంది. ఈ బండిలో రిమ్ము దాకా వచ్చి ఆగింది. టైరుకు అంటి ఉంటే గిన్నెలు తోమే సబ్బునీళ్లతో, బ్రష్షుతో కడిగి ఆరబెట్టాకే బండి కదిలించాలి. పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో తుడిస్తే జిడ్డు రబ్బరులోకి ఇంకుతుంది. వెనక డ్రమ్ము బ్రేకు అయితే డ్రమ్ము అంచు కూడా చూడాలి. డిస్కు అయితే డిస్కును బ్రేక్ క్లీనరుతో తుడవాలి, ప్యాడ్లకు ఆయిల్ పట్టి ఉంటే మార్చేయాలి.

ఆయిల్ అసలు అక్కడికి ఎందుకు వస్తుంది

ఈ సంగతి తెలియకపోతే మిగతా పనంతా గుడ్డిగా సాగుతుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాం.

పిస్టను కిందికి వచ్చిన ప్రతిసారీ తన కిందున్న గాలిని ఇంజన్ కింది భాగమైన క్రాంక్ కేసులోకి నొక్కుతుంది. 149 సీసీ ఇంజన్‌లో ఒక్కో దిగుడుకు నొక్కుడుపడేది ఆ 149 సీసీ గాలే. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఇది సెకనుకు 100 సార్లు జరుగుతుంది. రెండు సిలిండర్ల ఇంజన్లలో కొన్నిటికి ఒక పిస్టను దిగుతుంటే ఇంకొకటి ఎక్కుతుంది కాబట్టి ఈ ఒత్తిడి కొంత సర్దుకుంటుంది. సింగిల్‌కు ఆ వెసులుబాటు లేదు. దీనికి తోడు పిస్టను చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి మండిన గ్యాసు కొంచెం కిందికి జారుతుంది. దీన్నే బ్లో-బై అంటారు. కొత్త ఇంజన్‌లోనూ ఇది ఉంటుంది. ఈ గాలి, గ్యాసు బయటికి పోవడానికి ఉన్న దారే బ్రీదర్ పైపు. పొగ, హైడ్రోకార్బన్లు రోడ్డు మీదికి పోకుండా ఆ పైపును ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో కలుపుతారు. ఇంజన్ వాటిని మళ్లీ పీల్చుకుని మండించేస్తుంది.

గాలితో పాటు ఆయిల్ తుంపర కూడా వస్తుంది. దాన్ని ఆపడానికి ఇంజన్ లోపలే, కొన్నిట్లో హెడ్ కవర్‌లో, కొన్నిట్లో క్రాంక్ కేసు గోడలో, అడ్డుగోడలున్న చిన్న గది ఉంటుంది. తుంపర ఆ గోడలకు తగిలి చుక్కలై, అడుగున ఉన్న సన్న రంధ్రం గుండా మళ్లీ సంపులోకి, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చోటికి, దిగుతుంది. అంతా బాగుంటే డబ్బాలోకి చేరేది కాస్త ఆవిరి, రెండు మూడు చుక్కల జిడ్డు.

ఆ రెండు మూడు చుక్కలు ధారగా మారాయంటే కారణం వీటిలో ఒకటో రెండో: ఆయిల్ ఎక్కువ పోయడం, పెట్రోలు దిగి ఆయిల్ లెవెల్ పెరగడం, బ్రీదర్ పైపు మడత పడటం లేదా మూసుకుపోవడం, గదిలోని రంధ్రం మడ్డితో నిండటం, రింగులు అరగడం. బండి పక్కకు పడిపోయినా ఒకసారి ఆయిల్ వచ్చేస్తుంది, శుభ్రం చేస్తే మళ్లీ రాదు. వాల్వు సీలు పోయిన బండికి ఈ లక్షణం ఉండదు. ఆ ఆయిల్ నేరుగా సిలిండర్‌లోకి దిగి మండిపోతుంది, పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలిపొగ వస్తుంది. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి బోరు విప్పిన బండ్లు సిటీలో ఎన్ని ఉన్నాయో.

డ్రెయిన్ ట్యూబు చెప్పిన సంగతి

డబ్బా అడుగు నుంచి బొటనవేలంత రబ్బరు ట్యూబు కిందికి వేలాడుతుంది, చివర బిరడా ఉంటుంది. కొన్ని కంపెనీల మాన్యువళ్లలో దీన్ని వానలో తిరిగినా, బండి పడిపోయినా, కడిగించినా, ఫుల్ థ్రాటిల్ మీద ఎక్కువ నడిపినా తరచుగా ఖాళీ చేయమని స్పష్టంగా రాసి ఉంటుంది. అయినా సర్వీసింగ్‌లో దీన్ని ముట్టుకునేవాళ్లు తక్కువ. ఈ బండిలో బిరడా లేనే లేదు. చుక్కలు కింద పడటానికి దారి అదే. బిరడా లేకపోతే ఆ బొక్కలోంచి ఫిల్టరు తగలని దుమ్ము కూడా లోపలికి పోతుంది. మన రోడ్ల దుమ్ముకు రింగులు అరగడానికి అదొక్కటి చాలు.

ట్యూబు కింద గాజు సీసా పెట్టి పిండితే వచ్చేదాన్ని బట్టి సగం రోగం తెలుస్తుంది. మీగడలా తెల్లగా, గోధుమరంగుగా వస్తే ఆవిరి నీళ్లు ఆయిల్‌తో కలిసినట్టు. వానాకాలంలో కిలోమీటరు, రెండు కిలోమీటర్ల ప్రయాణాలకే వాడే బండికి ఇది మామూలే. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, నీరు ఆవిరైపోదు. నీళ్లు విడిగా వస్తే వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గొట్టం డబ్బా నోటి మీద పట్టి ఉంటారు. పలచగా ఉండి పెట్రోలు వాసన వస్తే కార్బురేటరు వైపు వెళ్లాలి. ఇక్కడ వచ్చింది చిక్కటి నల్లటి ఆయిల్, అంచున కాస్త మీగడ. పెట్రోలు వాసన లేదు.

డబ్బా మూత విప్పాం. మూత స్క్రూలు ప్లాస్టిక్ మరలోకి దిగేవి. సరైన మొన ఉన్న స్క్రూడ్రైవరు పెట్టి నిటారుగా నొక్కి తిప్పాలి, లేకపోతే తల అరిగిపోతుంది. బిగించేటప్పుడు ముందు ఎడమకు తిప్పి, పాత మరలో టక్కున కూర్చున్నాక కుడికి తిప్పాలి.

ఫిల్టరును ఏ వైపు తడిసిందో చూడాలి. ఈ బండిలో బయటి మడతలు పొడిగా, దుమ్ముతో ఉన్నాయి. లోపలివైపు, అంటే కార్బురేటరు వైపు కింది అంచు నల్లగా నానిపోయింది. బ్రీదర్ పైపు ఫిల్టరు దాటాక ఉండే శుభ్రమైన గదిలో కలుస్తుంది కాబట్టి ఇది దాని పనే. ఇంకో సంగతి. ఇప్పటి చాలా బండ్లలో వచ్చేది విస్కస్ పేపర్ ఫిల్టరు. దుమ్ము పట్టడానికి కంపెనీయే దానికి ఆయిల్ పట్టిస్తుంది. కొత్త ఫిల్టరు చేతికి జిడ్డుగా తగిలితే లీకేజీ అనుకుని కంగారు పడొద్దు. ఆ జిడ్డు కాగితమంతా సమానంగా, లేత రంగులో ఉంటుంది. ఇంజన్ నుంచి వచ్చింది నల్లగా, ఒకే పక్క, అడుగు వైపు ఎక్కువగా ఉంటుంది. విస్కస్ ఫిల్టరును కడగకూడదు, గాలి కొట్టకూడదు, టైము రాగానే మార్చడమే. స్పాంజి ఫిల్టరు ఉన్న బండ్లలో మాత్రం కడిగాక ఆయిల్ మరీ ఎక్కువ పట్టించి, పిండకుండా బిగించడం వల్ల కూడా డబ్బా అడుగున ఆయిల్ చేరుతుంది. అప్పుడు చేరేది శుభ్రమైన ఆయిల్. నల్లగా ఉండదు.

డబ్బా అడుగున, ట్యూబులో, ఫిల్టరు పిండితే వచ్చినది అంతా సిరంజితో లాగి కొలిస్తే సుమారు 65 మి.లీ. ఈ అంకె తర్వాత పనికొచ్చింది.

ఆయిల్ లెవెల్: ఇక్కడే దొరికింది

సెంటర్ స్టాండు మీద, చదును నేల మీద బండి నిలబెట్టి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఐడిల్‌లో నడిపి ఆపాం. రెండు మూడు నిమిషాలు ఆగి డిప్ స్టిక్ తీసి తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి బయటికి తీశాం. ఆయిల్ పై గీతకు దాదాపు 8 మి.మీ. పైన ఉంది. (మర తిప్పకుండా చూడాలా, బిగించి చూడాలా అన్నది బండిని బట్టి మారుతుంది. మాన్యువల్ ఒక్కసారి తెరవండి. చాలా చిన్న బండ్లకు తిప్పకుండా ఆనించడమే.)

వేడి మీదే ఆయిల్ దింపి, పావుగంట కారనిచ్చి, గీతలున్న జగ్గులో కొలిచాం. 1.12 లీటర్లు. ఈ ఇంజన్‌కు ఆయిల్ మార్చినప్పుడు పోయాల్సింది 1 లీటరు. ఇంజన్ పూర్తిగా విప్పి బిగించినప్పుడు 1.2. ఈ రెండు అంకెల తేడా దగ్గరే పొరపాటు జరుగుతుంది. డ్రెయిన్ ప్లగ్గు తీసినప్పుడు గేర్ల సందుల్లో, క్లచ్ వెనక, గోడల మీద కలిపి సుమారు 200 మి.లీ. దిగకుండా ఉండిపోతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోకుండా 1.2 లీటర్ల డబ్బా మొత్తం వంచేస్తే అంతమేరకు ఎక్కువైనట్టే. దింపిన 1.12కు డబ్బాలో దొరికిన 65 మి.లీ. కలిపితే 1.185. పైపులో అంటుకున్నదీ నేల మీద పడ్డదీ పోను, 1.2 లీటర్లు పోశారన్న లెక్క దాదాపు కుదిరింది.

ఎక్కువ ఆయిల్ ఏం చేస్తుంది? క్రాంక్ వెబ్బు (క్రాంక్ షాఫ్టు మీది బరువైన పళ్లెం) తిరుగుతూ ఆయిల్‌ను తాకుతుంది, కవ్వం పెట్టి చిలికినట్టు నురగ చేస్తుంది. నురగలో సగం గాలే కాబట్టి అడ్డుగోడల గదిలో చుక్కలుగా విడిపోదు, పైపులోంచి అలాగే పైకి పోతుంది. పైగా క్రాంక్ కేసులో ఖాళీ జాగా తగ్గి, పిస్టను దిగిన ప్రతిసారీ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. ఆయిల్ ఎక్కువుంటే ఇంజన్‌కు మంచిదే కదా అనే మాట తప్పు. నురగ పట్టిన ఆయిల్‌ను పంపు సరిగా తోడలేదు.

ఇంకో మార్గంలోనూ ఇదే తప్పు జరుగుతుంది. బండిని సైడ్ స్టాండు మీద పెట్టి లెవెల్ చూడటం. బండి ఎడమకు వాలుతుంది, ఆయిల్ ఎడమ పక్కకు చేరుతుంది. చాలా బండ్లకు డిప్ స్టిక్ కుడి వైపు ఉంటుంది కాబట్టి ఆయిల్ తక్కువున్నట్టు కనబడుతుంది. తక్కువుందని ఇంకో వంద, రెండొందలు పోస్తారు. గ్లాసు కిటికీ ఉన్న బండ్లకూ ఇదే వర్తిస్తుంది, నిటారుగా నిలబెట్టి చూడాలి.

పెట్రోలు దిగుతోందేమో కూడా ఇక్కడే తేల్చుకోవాలి. కార్బురేటరులోకి పెట్రోలు రాకను ఆపే ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోకపోతే, రాత్రంతా పెట్రోల్ కాక్ తెరిచి ఉంచితే, పెట్రోలు ఇన్‌టేక్ గుండా సిలిండర్‌లోకి, రింగుల పక్కనుంచి సంపులోకి దిగుతుంది. డిప్ స్టిక్ వాసన చూస్తే తెలుస్తుంది. అనుమానంగా ఉంటే రాత్రి కాక్ మూసి గీత పెట్టుకుని, మర్నాడు రాత్రి కాక్ తెరిచి ఉంచి, పొద్దున లెవెల్ పోల్చాలి. పెరిగిందంటే నీడిల్, దాని సీటు మార్చే దాకా ఆ ఇంజన్ నడపొద్దు. పలచబడ్డ ఆయిల్‌తో బేరింగులు పోతాయి. ఈ బండిలో లెవెల్ కదల్లేదు.

బ్రీదర్ పైపు

పైపు రెండు చివర్ల క్లిప్పులు తీసి బయటికి లాగి చూస్తే, ఫ్రేమ్ ట్యూబు వెనక మలుపులో నలిగి ఉంది. ఎప్పుడో ట్యాంకు దించి పెట్టినప్పుడు కేబుల్ కట్టతో పాటు దీన్నీ నొక్కేశారు. నలిగిన చోటికి కింద పైపు వేలాడి, అక్కడ మీగడ గూడుకట్టింది. నోటితో ఊదితే గాలి బిగుతుగా పోతోంది. ఆయిల్ ఎక్కువ కావడం ప్రధాన కారణమే అయినా, ఇది దానికి తోడైంది. సన్నబడ్డ దారిలో గ్యాసు వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే తుంపరను ఎక్కువగా మోసుకుపోతుంది. పైపు పూర్తిగా మూసుకుపోతే ఇంకా ప్రమాదం. ఒత్తిడికి క్రాంక్ సీలో, హెడ్ కవర్ ఓ-రింగో, క్లచ్ కవర్ గ్యాస్కెటో కారడం మొదలవుతుంది. ఒకేసారి రెండు మూడు చోట్ల కొత్తగా లీకులు వస్తే గ్యాస్కెట్లు మార్చే ముందు బ్రీదర్ చూడండి.

కొత్త పైపు కొనేటప్పుడు జాగ్రత్త. ఆయిల్‌కు ఆగే నైట్రైల్ రబ్బరు పైపు కావాలి, లోపలి వ్యాసం పాతదానితో సమానంగా ఉండాలి. పాత పైపు ముక్క చేత్తో పట్టుకుని పోతే సరిపోతుంది. కంపెనీ మలుపు పైపు దొరికితే అదే మేలు, పుత్లీబౌలీ స్పేర్ పార్టుల షాపుల్లో అడగొచ్చు. మీటరు లెక్కన అయితే రాణిగంజ్‌లో రబ్బరు పైపుల షాపులున్నాయి. పారదర్శక పీవీసీ గొట్టం వేయకూడదు. ఇంజన్ వేడికి మెత్తబడి అతుక్కుంటుంది, తర్వాత గట్టిపడి పగులుతుంది. తోటకు నీళ్లు పెట్టే గొట్టమూ అంతే, ఆయిల్‌కు ఆగదు.

బిగించేటప్పుడు దారి ముఖ్యం. ఇంజన్ నుంచి బయల్దేరిన పైపు ముందు పైకి ఎక్కాలి, ఆ తర్వాతే డబ్బా వైపు తిరగాలి. అప్పుడు పైపులో చుక్కగా మారిన ఆయిల్ మళ్లీ ఇంజన్‌లోకే జారుతుంది. మధ్యలో ఎక్కడా వంకీ వేలాడకూడదు, వేలాడిన చోట నీళ్లు నిలుస్తాయి. పైపు ఎగ్జాస్ట్‌కు, హెడ్డు రెక్కలకు తగలకూడదు.

ఇంజన్ వైపు ముక్కులోకి కూడా ఊది చూశాం. గాలి ఆగకుండా పోయింది. గరగర చప్పుడు లేదు. అంటే లోపలి గది బాగానే ఉంది. ఆగి ఆగి పోతే హెడ్ కవర్ తీసి ఆ గదిని కిరసనాయిలుతో కడగాల్సి వచ్చేది.

సీసా పరీక్ష

డబ్బాలోకి ఎంత ఆయిల్ పోతోందో కంటికి కనబడేలా చేసే పద్ధతి ఇది. ఆయిల్ దింపక ముందు ఒకసారి, సరిచేశాక ఒకసారి చేశాం.

అర లీటరు మందపాటి ప్లాస్టిక్ సీసా మూతకు రెండు బొక్కలు. ఒకదాన్లో బ్రీదర్ నుంచి వచ్చే పైపు, సీసాలో మూడోవంతు లోతు దాకా. రెండోది గాలి బయటికి పోవడానికి, దాని మీద స్పాంజి ముక్క. సీసా లోపల పైభాగంలో గిన్నెలు తోమే స్టెయిన్‌లెస్ స్టీలు పీచు కొంచెం, తుంపర అక్కడ ఆగి కిందికి కారుతుంది. ఈ కొద్ది గంటల పరీక్షకు పారదర్శక గొట్టం వాడుకోవచ్చు, కదిలే మీగడ కనబడుతుంది. ఎయిర్ డబ్బా వైపు ఖాళీ అయిన ముక్కుకు రబ్బరు మూత తప్పక పెట్టాలి, లేకపోతే దుమ్ము నేరుగా కార్బురేటరులోకి పోతుంది. సీసాను సైడ్ ప్యానెల్ లోపల జిప్ టైలతో నిటారుగా కట్టాలి, సైలెన్సర్‌కు దూరంగా.

రెండుసార్లూ దారి ఒకటే, స్పీడూ ఒకటే. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూ వీలర్లను రానివ్వరు కాబట్టి విజయవాడ హైవే: ఎల్‌బీ నగర్ నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా, రానుపోను సుమారు 30 కి.మీ., వీలైనంత సేపు గంటకు 70 కి.మీ. దగ్గర నిలకడగా. సిటీ ట్రాఫిక్‌లో ఈ పరీక్ష పనికిరాదు, ఆర్‌పీఎం నిలకడగా ఉంటేనే పోల్చడానికి వీలు.

ఆయిల్ ఎక్కువున్నప్పుడు సీసాలో చేరింది 21 మి.లీ., దాదాపు అంతా నల్ల ఆయిలే. లెవెల్ సరిచేసి, కొత్త పైపు వేశాక చేరింది 2 మి.లీ. లోపు, అందులో సగం మీగడ నీళ్లు. గొట్టంలో కదలిక కూడా మారింది. మొదటిసారి నురగ బుడగలు బుడగలుగా పైకి తోసుకొచ్చేది. రెండోసారి గొట్టం గోడకు పలచటి పొర, అది కూడా ముందుకు వెనక్కు ఊగుతూ కిందికే జారింది.

కంప్రెషన్: బోరు మాట తేల్చడానికి

సీసా ఫలితం చూశాక బోరు అనుమానం దాదాపు పోయింది. అయినా కొలవకుండా వదలడం సరికాదు.

ఇంజన్ వేడిగా ఉండగా స్పార్క్ ప్లగ్గు తీసి, సిలిండరులో ఒత్తిడి (కంప్రెషన్) కొలిచే గేజ్ బిగించాం. ఈ తరగతి బండ్లలో చాలావాటికి ప్లగ్గు మర 10 మి.మీ., గేజ్‌తో వచ్చే అడాప్టర్లలో అది ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి. ప్లగ్గు క్యాప్‌లో పాత ప్లగ్గు పెట్టి ఇంజన్‌కు ఆనించాలి, లేకపోతే స్పార్కుకు దారి లేక ఇగ్నిషన్ యూనిట్ పోవచ్చు. థ్రాటిల్ పూర్తిగా తెరిచి పట్టుకుని, ముల్లు ఇక పెరగడం ఆపేదాకా కిక్కు కొట్టాలి. థ్రాటిల్ మూసి కొలిస్తే మంచి ఇంజన్ కూడా చచ్చినట్టు చూపిస్తుంది. బోరు పోయిందని తీర్పులిచ్చే చోట ఎక్కువగా జరిగే తప్పు ఇదే.

పొడిగా 152 పీఎస్ఐ. ప్లగ్గు బొక్కలోంచి 5 మి.లీ. ఆయిల్ పోసి, రెండు మూడు కిక్కులు కొట్టి మళ్లీ కొలిస్తే 162. ఆయిల్ రింగుల సందును మూస్తుంది కాబట్టి రెండో అంకె కొంచెం పెరగడం సహజం. ఒక్కసారిగా 30, 40 పెరిగితే రింగులు అరిగినట్టు. ఏమీ పెరగకుండా రెండూ తక్కువే ఉంటే వాల్వులు చూడాలి, ముందు వాల్వు గ్యాపు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టం కంటే ఇంచుమించు 6 శాతం తక్కువ కాబట్టి గేజ్ కూడా ఆ మేరకు తక్కువే చూపిస్తుంది. చెన్నైలో 160 చూపిన ఇంజన్ ఇక్కడ 150 చూపితే అరిగినట్టు కాదు. కొన్ని ఇంజన్లలో కిక్కు తేలిక కావడానికి క్యామ్ మీద డీకంప్రెసర్ ఉంటుంది, వాటికి అంకె ఇంకా తక్కువ వస్తుంది. మాన్యువల్‌లో ఇచ్చిన విలువతోనే పోల్చాలి.

బోరు విప్పనక్కర్లేదు.

శుభ్రం చేసి బిగించడం

డబ్బా మొత్తం దించి కిరసనాయిలుతో జిడ్డు వదిలించి, సబ్బునీళ్లతో కడిగి ఎండబెట్టాం. థిన్నర్ వాడితే ప్లాస్టిక్ తెల్లబారి పగుళ్లు వస్తాయి. తడి కొంచెం కూడా ఉండగా ఫిల్టరు పెట్టొద్దు, కాగితం మెత్తబడుతుంది. మూత చుట్టూ ఉన్న రబ్బరు గాడిలో నిండుగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూడాలి.

కార్బురేటరును వదిలేస్తే సగం పని మిగిలిపోతుంది. డబ్బాలో నిలిచిన ఆయిల్ ఇన్‌టేక్ రబ్బరు బూటు గుండా కార్బురేటరు దాకా పోయింది. కార్బురేటరు నోట్లో కింది వైపు సన్నటి గాలి జెట్టు ఉంటుంది, ఐడిల్‌కు గాలి దాని గుండానే వెళ్లాలి. అక్కడ ఆయిల్ పొర, దాని మీద దుమ్ము పడితే గాలి తగ్గి మిశ్రమం చిక్కబడుతుంది. ఐడిల్ నిలవకపోవడం, ప్లగ్గు నల్లగా మసిబారడం, మైలేజీ పడిపోవడం, మూడింటికీ అదే మూలం. జెట్టులో సూది పెట్టి పొడవకూడదు. క్లీనర్ స్ప్రే, గాలి చాలు. పైన డయాఫ్రమ్ ఉన్న కార్బురేటరు అయితే ముందు దాన్ని తీసి పక్కన పెట్టాలి, క్లీనర్ తగిలితే ఆ పలచటి రబ్బరు ఉబ్బి మళ్లీ గాడిలో కూర్చోదు. ఇంజెక్షన్ బండ్లలో ఇదే ఆయిల్ థ్రాటిల్ బాడీలోకి, ఐడిల్ గాలి వాల్వులోకి చేరుతుంది.

కొత్తగా వేసినవి: ఫిల్టరు, బ్రీదర్ పైపు, రెండు క్లిప్పులు, డ్రెయిన్ ట్యూబు బిరడా, ఆయిల్ ప్లగ్గు వాషరు, స్పార్క్ ప్లగ్గు. ఆయిల్ 10డబ్ల్యూ-30 (చిక్కదనం గ్రేడు), జాసో ఎంఏ (తడి క్లచ్ బండ్లకు సరిపడే ఆయిల్ అని చెప్పే గుర్తు). ముందు 900 మి.లీ. పోసి, నడిపి ఆపి, లెవెల్ చూసి, మిగతాది కొంచెం కొంచెంగా. పై గీతకు కాస్త కింద ఆపేశాం, రెండు గీతల మధ్య ఎక్కడున్నా సరైనదే. లీకు ఆగుతుందని చిక్కటి ఆయిల్ వేయమని సలహా వినిపిస్తుంది. చిక్కటి ఆయిల్ ఎక్కువైనా నురగే అవుతుంది. కారు ఆయిల్ అసలే వద్దు, అందులోని జారుడు రసాయనాలకు తడి క్లచ్ పట్టు తప్పుతుంది.

దింపిన పాత ఆయిల్‌ను ఖాళీ క్యానులో పోసి పాత ఆయిల్ కొనేవాళ్లకిచ్చాం. నాలాలో పోస్తే పోయేది మూసీలోకే.

క్యాచ్ క్యాన్ కట్టాలా

బ్రీదర్ పైపు దారిలో ఆయిల్ పట్టుకోవడానికి కట్టే చిన్న డబ్బానే క్యాచ్ క్యాన్ అంటారు. అది కట్టాలా అని చాలామంది అడుగుతారు. ఈ బండికి అక్కర్లేదు. కారణం తీసేశాక డబ్బా కట్టడం అనవసరం, కారణం తీయకుండా కట్టడం రోగాన్ని దాచడం. హైవే మీద గంటల తరబడి నడిపే పెద్ద సింగిల్‌కు, లేదా కంప్రెషన్ కాస్త తగ్గినా ఇంకొన్నాళ్లు నడపాలనుకునే పాత ఇంజన్‌కు మాత్రం అర్థముంది. కడితే 150 నుంచి 250 మి.లీ. అల్యూమినియం డబ్బా, ముక్కులు అసలు పైపు వ్యాసం కంటే సన్నగా ఉండకూడదు, లోపల స్టీలు పీచు బయటికి లాగబడకుండా జాలీ, అడుగున ఖాళీ చేసే మర. బయటికి పోయే దారి మళ్లీ ఎయిర్ డబ్బాలోకే కలపాలి. వర్షాకాలంలో ప్రతివారం ఖాళీ చేయాలి, అందులో సగం నీళ్లే ఉంటాయి.

బ్రీదర్ పైపును ఊడబీకి రోడ్డు మీదికి వేలాడదీయడం మాత్రం చేయొద్దు. గ్యాసు గాలిలోకి పోతుంది, ఆయిల్ వెనక టైరు మీద పడుతుంది, ఐడిల్‌లో పిస్టను పైకి పోయినప్పుడు అదే పైపు దుమ్మును లోపలికి పీలుస్తుంది. బోల్టు పెట్టి మూసేయడం అంతకంటే ఘోరం, మొదట పోయేది క్రాంక్ సీలు.

పెట్టుకున్న చెకింగ్

500 కి.మీ. తర్వాత డ్రెయిన్ ట్యూబు బిరడా తీసి చూశాం. చెంచాలో పావు వంతు మీగడ వచ్చింది. ఆయిల్ లేదు. డిప్ స్టిక్ మీద లెవెల్ అక్కడే ఉంది. ప్లగ్గు మొన ఇటుక రంగుకు తిరిగింది, ఐడిల్ 1,400 దగ్గర నిలుస్తోంది. ఫిల్టరు లోపలి అంచు కాగితం రంగులోనే ఉంది.

ఇక ముందు ప్రతి 1,000 కి.మీ.కు బిరడా తీసి చూడాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలకోసారి. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఎన్ని మి.లీ. దింపామో, ఎన్ని పోశామో మూతకు అంటించిన స్టిక్కరు మీద రాసి పెట్టాం, తర్వాత ఏ మెకానిక్ చేతిలో పడినా కనబడుతుంది. వచ్చే ఆయిల్ మార్పుకు 1 లీటరు డబ్బా మాత్రమే కొనాలి. ఒక పని మిగిలింది. డబ్బా, కార్బురేటరు మధ్య రబ్బరు బూటు క్లాంపు దగ్గర సన్నటి పగులు కనబడింది. ఇప్పటికి బయటి పొరలోనే ఉంది కానీ వానలు మొదలయ్యేలోపు మార్చాలి.